మోగని కంచె

ఉదయం ఆరూ యాభై.

మొక్కజొన్న చేను అంచున పెద్దక్క పక్కకు ఒరిగి పడి ఉంది. తొండం కంచె తీగ కిందికి సాగి ఉంది. దాని కొస మీద అరచేయంత నల్లటి మచ్చ. కాలిన వాసన ఇంకా పోలేదు.

పెద్దక్క అంటే ఏనుగు. పద్నాలుగు ఏనుగుల మందకు పెద్ద. ఆ పేరు చుట్టుపక్కల నలభై ఇళ్లవాళ్లు పెట్టింది. పదకొండు నెలల కిందట దాని మెడకు రేడియో కాలర్ వేశారు. అది ఎక్కడుందో గంటకోసారి ఆ కాలర్ ఆఫీసు కంప్యూటర్‌కు చెబుతుంది. మంద ఇళ్లవైపు వస్తుంటే అందరి ఫోన్లకూ మెసేజ్ వెళ్తుంది. పంపేది మంద జాడ కనిపెట్టి ఉండే ట్రాకర్. ఆ మెసేజ్‌ల పుణ్యమా అని పదకొండు నెలల్లో ఒక్క మనిషి ప్రాణం పోలేదు. ఒక్క ఏనుగూ చావలేదు.

ఈ రోజు దాకా.

అటవీ నేరాల విభాగం ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చుంది. కాలర్ మీద చేయి ఆనించింది.

"ఎప్పుడు చూశావు బాబాయ్?"

ట్రాకర్ ఆమెకు సొంత బాబాయి కాదు. పన్నెండేళ్ల కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, అడుగుజాడ చూసి ఏనుగు వయసు చెప్పడం నేర్పినవాడు. ఆ రోజు నుంచీ ఆయన మాటంటే ఆమెకు రాసిచ్చిన కాగితంతో సమానం.

"ఆరూ ఇరవైకి తల్లీ. కంచె టక్ టక్‌మంటూనే ఉంది. స్విచ్ కట్టేసి దగ్గరికెళ్లా. అప్పటికే అంతా అయిపోయింది."

"సోలార్ కంచె ఏనుగును చంపదు కదా."

"చంపదు. ఓ దెబ్బ కొట్టి వదిలేస్తుంది, అంతే. ఎవడో స్తంభం నుంచి మెయిన్ లైను లాగి కంచెకు కలిపాడు. పని కాగానే తీసేశాడు." ఆయన గొంతు తగ్గించాడు. "ఎవడో ఏంటిలే. చేను ఎవరిదో చూడు."

చేను తాలూకు రైతు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"పోయిన నెల మీటింగులో ఏమన్నారు?"

"దాని సంగతో నా సంగతో తేలిపోవాలన్నాను. కోపంలో అన్నమాట మేడమ్. మూడుసార్లు పంట తొక్కింది మరి."

"కంచె ఎన్నింటికి ఆన్ చేశారు?"

"సాయంత్రం ఆరింటికి. రోజూ అంతే."

"తెల్లవారుజామున బయటికొచ్చారా?"

"లేదు. రావద్దని మెసేజ్ వచ్చిందిగా."

"స్తంభం నుంచి లైను లాగింది మీరే కదా?"

"నాకు బల్బు మార్చాలన్నా భయమే. మా ఆవిణ్ణడగండి."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. చేను ఆయనది. కోపం ఆయనది. బాబాయి వేలు చూపించింది ఆయన వైపే. రైతును జీపెక్కించమంది.

ఎనిమిదీ ముప్పావుకు లైన్‌మన్ వచ్చాడు. స్తంభం ఎక్కి దిగాడు. తీగ మీద కొక్కెం తగిలించిన గీత ఉందన్నాడు. కొత్తది. తర్వాత కంచెకు కరెంటు పంపే సోలార్ పెట్టె మూత విప్పాడు. చాలాసేపు లోపలికే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది కడిగిన ముత్యంలా ఉంది మేడమ్."

"ఉంటే?"

"ఉండకూడదు. కంచెలోకి మెయిన్ లైను వస్తే ఈ పెట్టె మాడి మసైపోవాలి. అంటే, లైను కలిపేముందు ఎవరో దీన్ని కంచె నుంచి విడదీశారు. పనయ్యాక మళ్లీ తగిలించారు."

"ఎందుకు?"

"అదే నాకూ బుర్రకెక్కట్లేదు. ఏనుగును చంపేవాడికి పెట్టె మీద ఇంత ప్రేమేంటి?"

ఆమె కంచె వైపు తిరిగింది.

పెట్టె తగిలించి ఉంటే కంచె టక్ టక్‌మంటుంది. విడదీస్తే మూగబోతుంది.

పోయిన ఏడాది కాలువ గట్టున కూర్చుని బాబాయి ఒక మాట చెప్పాడు. 'పెద్దక్క తీగను చూడదు తల్లీ, వింటుంది. టక్‌మన్నంతసేపు దగ్గరికి రాదు. చప్పుడు ఆగిందా, తొండంతో తీగను పక్కకు నెట్టుకుని లోపలికి పోతుంది.' ఈ సంగతి బయటికి పొక్కితే ఎవరైనా దాన్ని వాడుకుంటారని ఇద్దరూ అనుకున్నారు. ఏ రిపోర్టులోనూ రాయలేదు.

తెలిసింది ఇద్దరికే. అందులో ఒకరు తను.

ఇంకేదో కారణం ఉండే ఉంటుందని గంటసేపు వెతికింది. రైతే దోషి అయితే బాగుండునని కూడా అనుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

పన్నెండూ నలభైకి ఆఫీసుకెళ్లి కంప్యూటర్ తెరిచింది. కాలర్ పంపిన లెక్కలన్నీ వరుసగా చదివింది. తర్వాత తన ఫోన్ తీసి, తెల్లవారుజామున వచ్చిన మెసేజ్ మళ్లీ చదివింది. అందరితో పాటు తనూ అది చదివి పక్కన పెట్టేసింది.

ఈసారి దాని కింద ఉన్న టైము చూసింది.

మధ్యాహ్నం మూడింటికి చేను పక్కన మోటారు షెడ్డులో అందరినీ కూర్చోబెట్టింది. రైతు, లైన్‌మన్, ట్రాకర్. గుమ్మం దగ్గర కానిస్టేబుల్.

"పెట్టె విడదీసినవాడికి పెద్దక్క కంచె చప్పుడు వింటుందని తెలుసు," అంది. "రైతుగారూ, మీకు తెలుసా?"

"ఏనుగు వినడమేంటి మేడమ్? కరెంటుకు భయపడుతుందనుకున్నాను."

"మీ ఫోన్‌లో తెల్లవారుజామున వచ్చిన మెసేజ్ చదవండి. టైముతో సహా."

రైతు కళ్లజోడు సవరించుకున్నాడు. "నాలుగూ ఇరవై. 'పెద్దక్క మొక్కజొన్న చేను దగ్గరుంది. తెల్లారేదాకా ఎవరూ బయటికి రావద్దు.'"

"నాలుగింటికి పెద్దక్క ఇక్కడికి ఐదు కిలోమీటర్ల అవతల, కాలువకు ఆ వైపున ఉంది. ఐదింటికి కూడా ఇంకా కిలోమీటరు దూరంలోనే ఉంది. ఆరింటికి ఇక్కడ, ఈ చేను దగ్గర. తర్వాత కదల్లేదు." ఆమె ట్రాకర్ వైపు తిరిగింది. "అది రాకముందే వచ్చిందని మీరెలా చెప్పారు?"

మీరు. పన్నెండేళ్లలో మొదటిసారి అలా పిలిచింది. ట్రాకర్ అది విన్నాడు. ఆయన భుజాలు దిగిపోయాయి.

"కోయకుండా మిగిలిన చేను ఇదొక్కటే. ఇక్కడికే వస్తుందని మీకు తెలుసు. మీరు లైను లాగుతుంటే ఎవరూ చూడకూడదు. అందుకే నలభై ఇళ్లకూ తలుపులు వేయించారు. తెల్లారాక పెట్టె మళ్లీ తగిలించి, కంచె మోగుతూనే ఉందన్నారు. తప్పు రైతు మీదికి పోవాలని."

"పోయిన ఆదివారం మా ఇంట్లో అన్నం తింటూ మ్యాపు పరిచావు," అన్నాడు ట్రాకర్. "సర్కారు ఏనుగులకు వదలబోయే దారి మా అమ్మాయి ఇంటి మీదుగా గీసి ఉంది. ఇల్లూ పోతుంది, అల్లుడి కోళ్ల ఫారమూ పోతుంది. కాలర్ లెక్క ఏడాది నిండితే ఆర్డర్ వచ్చేస్తుందన్నావు. ఇంకో మూడు వారాలేనని సంబరపడ్డావు. పెద్దక్కే లేకపోతే ఆ లెక్క నిండదు."

"వేరే స్థలం ఇస్తారని కూడా చెప్పాను."

"చెప్పావు. ఇచ్చేది నువ్వు కాదుగా."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే మ్యాపు మార్చేదానివా?"

"లేదు."

"మరింకేం."

రైతు లేచి నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నారు. అరవలేదు.

"నువ్వు పంపిన ప్రతి మెసేజ్‌కీ మనసులో నీకో దణ్ణం పెట్టుకునేవాణ్ణయ్యా. పొద్దున నన్ను జీపెక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డావు." ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. "మీరూ ఆయన మాటే విన్నారు."

"విన్నాను. తప్పు నాదే. క్షమించండి."

ఆయన తల ఊపలేదు. బయటికి నడిచాడు. వెనకే లైన్‌మన్ వెళ్లాడు.

కానిస్టేబుల్ బల్ల ముందు కూర్చుని స్టేట్‌మెంట్ మొదలుపెట్టాడు. అరపేజీ రాశాక పెన్ను ఆపాడు.

"మేడమ్, ఆ మ్యాపు కాన్ఫిడెన్షియల్ కదా. నిందితుడికి ఎలా తెలిసిందని రాయమంటారు?"

ట్రాకర్ తలెత్తాడు. "ఆఫీసులో బల్ల మీద ఉంటే దొంగతనంగా చూశానని రాసుకో. నేను సంతకం పెడతా."

పెన్ను కాగితం మీదికి వంగింది.

"అలా రాయకు," అంది ఇన్‌స్పెక్టర్. "ఇన్‌స్పెక్టర్ స్వయంగా చూపించగా తెలిసింది. అలా రాయి."

"ఉద్యోగం పోతుంది తల్లీ."

ఆమె ఆయన వైపు చూడలేదు.

"రాయి," అంది కానిస్టేబుల్‌తో. ఆ వాక్యం పూర్తయ్యేదాకా బల్ల పక్కనే నిలబడింది.