పడ్డవాడి వాంగ్మూలం

నేను పడింది వర్షం వల్ల కాదు, రాతిపలక వల్ల. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అక్క లాయరు. ఏది చెప్పినా కారణంతో మొదలుపెట్టాలని చిన్నప్పట్నుంచీ చెవి మెలిపెట్టి మరీ నేర్పింది.

ఆ రోజు పొద్దున సన్నగా జల్లు పడుతోంది. నేను షాపు తెరవడానికి వెళుతున్నాను. నాది టైలరింగ్ షాపు. మా వృత్తిలో ఒక జబ్బుంది. ఎదురుగా మనిషి కనిపిస్తే మొహం చూడం, కుట్లు చూస్తాం. ఆ రోజు నా ముందు ఫుట్‌పాత్ మీద ఒక పసుపు రెయిన్‌కోటు నడుస్తోంది. దాని ఎడమ చెయ్యి భుజం దగ్గర అర అంగుళం వెనక్కి తిరిగిపోయి ఉంది. ఎవడు కుట్టాడో గానీ వాణ్ణి మనసారా తిట్టుకుంటున్నాను. ఇంతలో ఆ రెయిన్‌కోటు ఆగి వెనక్కి తిరిగింది.

జీవితంలో మొదటిసారి కుట్లు వదిలేసి మొహం చూశాను.

అంతే. కాలికింద పలక తిరగబడింది. కుడికాలు మోకాలిదాకా గోతిలోకి దిగిపోయింది.

"అయ్యో! కదలకండి, కదలకండి!" అంటూ ఆమె పరుగెత్తుకొచ్చింది.

"మీ ఎడమ చెయ్యి..." అన్నాను మూలుగుతూ.

"నా చెయ్యి బాగానే ఉంది. ముందు మీ కాలు చూసుకోండి!"

"బాగా లేదండీ. కుట్టు వంకర పోయింది."

దెబ్బ తలకి కూడా తగిలిందనుకుని ఆమె కంగారుగా అంబులెన్స్‌కి ఫోన్ చేసింది.

చీలమండ దగ్గర ఎముక విరిగిందని, ఆరు వారాలు కట్టు ఉంచాలని డాక్టరు చెప్పాడు. కుట్టుమిషను పెడల్ తొక్కేది కుడికాలితోనే. నాకు ఏడుపొక్కటే తక్కువ. సరిగ్గా అప్పుడు మా అక్క నల్లకోటుతో సహా ఆస్పత్రిలో దిగింది.

"గొయ్యి ఫొటో తీశావా?"

"కాలు విరిగిందే అక్కా!"

"కాలు ఎక్కడికీ పోదురా. గొయ్యి పోతుంది. తీశావా, లేదా?"

లేదన్నాను. పళ్లు నూరుతూ నా మంచం మీదే కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. "విను. ఆ ఫుట్‌పాత్ చూసుకోవాల్సిన ఆఫీసుకి ముందు నోటీసు ఇవ్వాలి. గడువు దాటితే ఎంత పెద్ద గొయ్యయినా మనకి పనికిరాదు. వాళ్లు మాట్లాడుకుందామంటే మధ్యవర్తి దగ్గర కూర్చుందాం. కుదరకపోతే కోర్టుకెళదాం. ఎక్కడికెళ్లినా, అక్కడ గొయ్యి ఉందని, ఆ సంగతి వాళ్లకి తెలుసని, తెలిసీ ఊరుకున్నారని మనం చూపించాలి. వాళ్లేమో నువ్వే చూసుకోకుండా నడిచావంటారు. ఇంతకీ ఎటు చూస్తూ నడిచావు?"

"రెయిన్‌కోటు వైపు."

"ఏ రెయిన్‌కోటు?"

మొత్తం చెప్పాను. అక్క తల పట్టుకుంది.

"అబద్ధం మాత్రం చెప్పకు. అడిగితే నిజమే చెప్పు, వచ్చేదాంట్లో కొంత కోస్తారు, పోనీ. అడక్కపోతే మాత్రం నోరు మూసుకుని కూర్చో."

ఆ సాయంత్రం తనే ఫొటో తీద్దామని అక్కడికి వెళ్లింది. గొయ్యి లేదు. కొత్త పలక, చుట్టూ ఇంకా ఆరని సిమెంటు.

"సాక్ష్యం మాయం చేశార్రా! ఒక్క పూటలో! ఆ ఆఫీసు ఎప్పుడైనా ఒక్క పూటలో ఏ పనైనా చేసిందా?" అని ఫోన్లోనే ఎగిరింది. "ఎవరు చేయించారో కూడా కనుక్కున్నాను. ఆ వీధికి జూనియర్ ఇంజినీరట. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి."

పొద్దున నా తల ఒళ్లో పెట్టుకుని నా గొడుగు నాకే పట్టిన మనిషి, నన్ను అంబులెన్స్ ఎక్కించి వెనక్కి వెళ్లి గొయ్యి పూడ్చిందా! రాత్రంతా కాలు కన్నా అదే ఎక్కువ నొప్పెట్టింది.

మూడో రోజు కాలు స్టూలు మీద పెట్టుకుని షాపులో గుండీలు కుడుతుంటే ఇంజినీరుగారు స్వయంగా వచ్చారు. అదే రెయిన్‌కోటు, అదే వంకర చెయ్యి.

"కాలెలా ఉంది?"

"గొయ్యి ఎందుకు పూడ్చారు?" అన్నాను. అక్క నేర్పినట్టే గంభీరంగా అందామనుకున్నాను గానీ అలిగినట్టు వచ్చింది.

"ఇంకొకరు పడతారని. పర్మిషన్ కోసం ఆగితే నెల పడుతుంది. నాకు తెలిసిన ఇద్దరు మేస్త్రీలని పట్టుకొచ్చి పూడ్పించాను. అందులో తప్పేముంది?"

"నన్ను పడేసినవాళ్లతో మాట్లాడొద్దని మా అక్క చెప్పింది."

"నేనేం మిమ్మల్ని పడెయ్యలేదు!"

ఆ విషయం మీద నాకు అప్పటికే అనుమానాలున్నాయి, కాబట్టి వాదించలేదు.

ఆమె సంచిలోంచి ఒక కవరు తీసి గుండీల డబ్బా పక్కన పెట్టింది. "పూడ్చేముందే ఫొటోలు తీశాను. లోతు, వెడల్పు కొలిచి రాశాను. అవి మీకు కావాలి కదా?"

తెరిచి చూశాను. పన్నెండు ఫొటోలు. ఒక్కోదాంట్లో గోతిలో టేపు నిలబెట్టి ఉంది. కొలతలు తీసిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇంకో కాగితం కూడా ఉంది," అంది ఆమె. ఈసారి గొంతు చిన్నదైంది. "రెండు నెలల కిందట కేబుల్ కోసం ఆ వీధిలో పలకలన్నీ తీసి మళ్లీ పరిచారు. పని సరిగ్గా జరిగిందని చూసి నేను సంతకం పెట్టాలి. ఒక్కో పలక మీదా నిలబడి, ఊగుతుందేమో చూడాలి. ఆ రోజు నాకు పద్నాలుగు వీధులున్నాయి. నిలబడలేదు. పైపైన చూసి సంతకం పెట్టేశాను. వారం తిరక్కుండానే అనుమానమొచ్చి మళ్లీ వెళ్లి చూస్తే, కింద మట్టి సరిగ్గా నింపలేదని తెలిసింది. వీధంతా విప్పి మళ్లీ పరవాలని పైవాళ్లకి నాలుగుసార్లు రాశాను. జవాబు లేదు. నా సంతకమున్న కాగితం, ఆ నాలుగు ఉత్తరాలు, అన్నీ ఇందులో ఉన్నాయి."

"ఇవి మా అక్కకిస్తే మీ ఉద్యోగం?"

"పోవచ్చు. మూడేళ్లు చదివి తెచ్చుకున్నాను." ఆమె నవ్వబోయింది గానీ కుదరలేదు. "నేను ఒక్క నిమిషం ఆ పలక మీద నిలబడి ఉంటే మీరు ఇప్పుడిలా కూర్చునేవారు కాదు. అదే బుర్ర తొలిచేస్తోంది."

ప్రేమ ఎప్పుడు పుట్టిందని నన్నెవరైనా అడిగితే, వానలో ఆమె మొహం చూసినప్పుడని చెప్పను. ఆ కవరు నా వైపు తోసినప్పుడని చెబుతాను.

"ఆ కోటు ఇక్కడ వదిలేసి వెళ్లండి," అన్నాను.

"ఎందుకు?"

"చేత్తో కుట్టడానికి కాలక్కర్లేదు."

ఆ సాయంత్రమే కవరు అక్కకిచ్చాను, తను ఆఫీసుకి నోటీసు పంపింది. కోటు కోసం ఆమె మర్నాడు వచ్చింది. తర్వాత గుండీ వదులైందని వచ్చింది. ఆ తర్వాత జేబు లోతు చాలడం లేదంది. జేబు లోతు చూడబోతే అందులో నాకోసం తెచ్చిన నొప్పి మాత్రలున్నాయి. సరిగ్గా అప్పుడే మా అక్క లోపలికొచ్చింది.

ఇంజినీరుగారు వెళ్లాక అక్క తలుపు వేసి మరీ నా మీద పడింది. "కేసు నడుస్తోంటే అవతలి పక్షంతో ముచ్చట్లా? ఇద్దరూ కలిసి నాటకమాడారంటే ఏం చెబుతావు? నీ కేసుతో పాటు ఆ పిల్ల ఉద్యోగం కూడా పోతుంది. కేసు తేలేదాకా ఆ అమ్మాయి ఈ గడప తొక్కడానికి వీల్లేదు. అర్థమైందా?"

అర్థమైంది. ఆ మాట ఆమెకి ఫోన్లో చేరవేశాను. రెండు వారాలు ఎవరూ గడప తొక్కలేదు. నేను మొహం వేలాడేసుకుని ఒక చొక్కాకి గుండీలు వెనకవైపు కుట్టాను. చివరికి ఉండబట్టలేక ఆమెకి మెసేజ్ పెట్టాను. 'కేసు వదిలేస్తున్నాను. మీ కాగితాలు మీరు తీసుకెళ్లండి.'

పది నిమిషాల్లో వచ్చింది. జోరున వాన. గడప బయటే నిలబడింది.

"లోపలికి రండి, తడిసిపోతున్నారు!"

"గడప తొక్కకూడదన్నారుగా, తొక్కను. ఇక్కణ్ణుంచే తిడతాను. మీకేమైనా బుద్ధుందా? నేను నాలుగుసార్లు రాస్తే చదవనివాళ్లు, లాయరు నోటీసొస్తే పరుగెత్తుకొచ్చి చదివారు. మీరిప్పుడు వదిలేస్తే ఆ వీధిలో మిగతా పలకలు అలాగే ఊగుతుంటాయి. రేపు ఏ ముసలావిడో పడుతుంది. అప్పుడేం చేస్తారు, ఆవిడ కోటు కూడా బాగుచేస్తారా?"

"మీ ఉద్యోగం పోతుందండీ!"

"అది నేను చూసుకుంటాను. నా మీద జాలిపడి కేసు వదిలేశారో, ఇంక మీ మొహం చూడను."

"జాలి కాదు."

"మరి?"

నాలిక చివరిదాకా వచ్చింది. కరుచుకున్నాను. "కేసు తేలాక చెబుతాను."

వాన నీళ్లు తుడుచుకుంటూ నన్నోసారి పట్టి చూసింది. "అయితే తొందరగా తేల్చుకోండి," అని వెళ్లిపోయింది.

అయిదో వారంలో మధ్యవర్తి దగ్గర కూర్చున్నాం. పొడుగాటి బల్ల, తలా ఒక మంచినీళ్ల గ్లాసు. మధ్యవర్తి రిటైరైన జడ్జిగారు. ఆయన పక్కన కళ్లజోడు పెట్టుకున్న టైపిస్టు, ఎవరేమన్నా టకటకా కొట్టేస్తోంది. ఎదురుగా ఆఫీసు తరఫున పెద్ద అధికారి. బల్ల చివర ఇంజినీరుగారు, చేతులు ఒళ్లో పెట్టుకుని.

అధికారి తీయగా మొదలుపెట్టాడు. "అడిగినంతా ఇచ్చేస్తాం. కాగితంలో ఒక్క లైను ఉంటుంది. ప్రమాదానికి పూర్తి బాధ్యత జూనియర్ ఇంజినీరుదే అని. వీధి సంగతి తర్వాత చూసుకుంటాం."

అక్క నా చెవిలో అంది. "నీ లాయరుగా చెబుతున్నాను, ఇంతకన్నా మంచి బేరం రాదు. సంతకం పెడితే నీకు మొత్తం వస్తుంది, ఆ పిల్ల ఇంటికి పోతుంది. నిర్ణయం నీది."

"నా తప్పు నేను ఒప్పుకున్నాను," అంది ఇంజినీరుగారు తల ఎత్తకుండా. "ఆయన్ని సంతకం పెట్టనివ్వండి."

"పెట్టను," అన్నాను. "పూర్తి బాధ్యత అన్నది అబద్ధం. ఆవిడ ఒకసారి చూడకుండా సంతకం పెట్టారు. అది తప్పే. ఆ తప్పు దిద్దమని నాలుగుసార్లు రాస్తే మీరు చదవలేదు, అది ఎవరి తప్పు? ఇంకా మాట్లాడితే నా తప్పూ ఉంది. నేను దారి చూడలేదు."

అధికారి ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఎటు చూశారు మరి?"

"ఆవిడ వైపు."

టైపిస్టు చేతులు ఆగిపోయాయి.

"విన్నారా సార్! ఇద్దరూ కుమ్మక్కయ్యారు!"

జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూశారు. "ఆవిడ మీకు ముందే తెలుసా?"

"లేదు సార్. పడ్డాకే తెలిసింది."

"ఇప్పుడు?"

బల్ల కింద అక్క నన్ను తన్నింది. కట్టు మీదే తన్నింది. అయినా మా అక్కే కదా, అడిగితే నిజమే చెప్పమంది.

"ఇప్పుడు ఆవిడంటే నాకు చాలా ఇష్టం సార్."

అక్క కళ్లు మూసుకుంది. కేసు పోయిందనుకున్నాను. నాతో పాటు ఆమెనీ ముంచేశాను. జడ్జిగారు మాత్రం తాపీగా ఆ నాలుగు ఉత్తరాలూ ఒకదాని పక్కన ఒకటి పరిచారు.

"అధికారిగారూ, ఇవన్నీ ఈయన పడకముందు రాసినవే. ఈయన ఫలానా రోజున పడతాడని, పడ్డాక ఇష్టపడతాడని తెలిసి ఈ అమ్మాయి ముందుగానే మీకు ఉత్తరాలు రాసిందంటారా?"

అధికారి మంచినీళ్లు తాగాడు. ఆ తర్వాత గంటలో అంతా తేలిపోయింది. వీధిలో పలకలన్నీ నెల లోపల విప్పి మళ్లీ పరవాలి. నాకు రావాల్సిందాంట్లో నా చూపు ఖరీదు కింద కొంత కోశారు. 'పూర్తి బాధ్యత' అన్న లైను కొట్టేశారు. ఆమెకి ఒక హెచ్చరిక కాగితం, ఉద్యోగం పదిలం. ఆమె చేతులు ఒళ్లోంచి బల్ల మీదకొచ్చాయి.

అందరం లేవబోతుంటే టైపిస్టు గొంతు సవరించుకుంది. "సార్, ఈయన ఇష్టం అన్నారు కదా. ఆ మాట రికార్డులో ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

"కేసుకి సంబంధం లేదు, తీసెయ్యండి," అన్నారు జడ్జిగారు. "ఎవరికైనా అభ్యంతరముందా?"

"నాకుంది సార్."

ఇంజినీరుగారు లేచి నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ మాట ఉంచండి. దాని కింద నా జవాబు కూడా రాయండి."

"ఏమని రాయమంటారు?" టైపిస్టు వేళ్లు సిద్ధంగా పెట్టుకుని అడిగింది.

ఆమె నా వైపు తిరిగింది. "నాకూ అని."

టైపిస్టు కొట్టేసింది. జడ్జిగారు మా అక్క వైపు చూశారు. అక్క కోటు సర్దుకుని, కళ్లు తుడుచుకుని, కోర్టు గొంతుతో అంది.

"మా వైపు నుంచి ఎలాంటి అభ్యంతరమూ లేదు సార్."