కుర్చీలో కూర్చున్న గుండె

"దిగండి ముందు! ఆదివారం టీం పరుగులో మీరు లేరు. అంతే!" అంది విజిల్.

విజిల్ అంటే మా రన్నింగ్ కోచ్. మెడలో విజిల్ లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. అందుకే గ్రౌండ్‌లో అందరూ చాటుగా అలాగే పిలుస్తారు. నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. నా గుండె సొంతంగా వేగం పెంచుకోలేకపోతోందని కిందటేడు ఛాతీలో పేస్‌మేకర్ పెట్టారు. ఒళ్లు కదిలితే అది కనిపెట్టి గుండెను తొందరపెడుతుంది. నిక్షేపంలా పరిగెత్తొచ్చని డాక్టరుగారే చెప్పారు.

ఈమె వింటేనా! మా అమ్మ ఫోన్ చేసి, "మావాడి గుండెకి మిషనుందమ్మా, కాస్త కనిపెట్టుకో" అని చెప్పిన దగ్గర్నుంచి నన్ను ట్రాక్ ఎక్కనిస్తే ఒట్టు. "సైకిలైతే సేఫ్" అంటూ జిమ్ గదిలో కదలని సైకిల్ ఎక్కించింది. బయట మావాళ్లంతా వానలో కేరింతలు కొడుతూ పరిగెత్తుతున్నారు. నేనేమో ఉన్నచోటే పెడల్ తొక్కుతూ కిటికీలోంచి చూడాలి. ఒళ్లు మండిపోయింది.

తీరా తొక్కితే ఊపిరందలేదు, కళ్లు తిరిగాయి. అందుకే ఈ తీర్పు.

"సైకిలే తొక్కలేనివాళ్లు పరిగెత్తుతారా?"

"రోజూ బస్సు వెనక పరిగెత్తి ఎక్కుతున్నా! అప్పుడు లేని ఆయాసం మీ సైకిలెక్కితేనే ఎందుకొచ్చింది?"

"మధ్యలో నా సైకిలేం చేసింది?"

"సైకిల్నే కాదు, మిమ్మల్నీ అంటున్నా. మీకు మనిషి కనబడడు. మిషనే కనబడుతుంది!"

ఆమె మొహం కందగడ్డైపోయింది. గట్టిగా విజిల్ ఊది వెళ్లిపోయింది. మాటకి బదులు విజిలా? ఇదెక్కడి న్యాయం!

మర్నాడు ఈ సంగతేదో తేల్చుకుందామని ఆస్పత్రికి బయల్దేరాను. అమ్మ వద్దంటే వింటుందా, వెంటపడి వచ్చింది. డాక్టరుగారి గది బయట కూర్చున్నామో లేదో, లోపల్నుంచి అరుపులు.

"పరిగెత్తొచ్చని మీరే చెప్పారట కదండీ! మనిషి నా కళ్లముందే పాలిపోయాడు. రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. ఏం మిషనండీ అది?"

విజిల్! నా తరఫున డాక్టరుగారిని దులిపేస్తోంది.

"సైకిల్ తొక్కితే కదిలేది కాళ్లమ్మా," అన్నారు డాక్టరుగారు నింపాదిగా. "మిషనున్నది ఛాతీలో. పై ఒళ్లు కదలకపోతే, మనిషి కుర్చీలో కూర్చున్నాడనుకుంటుంది. గుండె వేగం పెంచదు. అందుకే ఆయాసం. అతనికి పరుగే నయం. రమ్మనండి, నడిపించి చూసి సెట్టింగ్ కూడా సరిచేస్తాను."

విజిల్ గొంతు ఒక్కసారిగా తగ్గింది.

"అయ్యో... అయితే పాపం, అనవసరంగా నేనే..."

"ఇంతకీ అతనికి మీరేమవుతారు?"

"ఇంకా ఏమీ కాను!" అని కస్సుమంది.

ఇంకా! అమ్మ నావైపు తిరిగి, "ఒరేయ్, ఇంకా అందిరా!" అంది.

ఇలాంటి మాట చెవినపడితే ఎవడికైనా గుండె దడదడలాడాలా, వద్దా? నాది మాత్రం నేను కుర్చీలో ఉన్నాను కదా అని తాపీగా కొట్టుకుంటోంది. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఒక్క ఉదుటున లేచి వరండాలో పరుగు లంకించుకున్నాను.

"ఏయ్ మిస్టర్, ఇది ఆస్పత్రి!" నర్సు కేకేసింది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో విజిల్.

"ఏం చేస్తున్నారు మీరు?"

"నా గుండెకి విషయం తెలియాలిగా! చెప్పండి, ఇంకా అంటే ఎప్పటిదాకా?"

"అన్నీ వినేశారా!" అని ఆమె రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. వేళ్ల సందులోంచి నన్ను చూసి, "ఆదివారం పరుగయ్యాక చెప్తా. ముందు ఆ భుజాలు వదులు చెయ్యి. చేతులు ఊపు. టీంలో ఉన్నావుగా!" అంది.

మీరు పోయి నువ్వు వచ్చేసింది.

"ఆదివారం దాకా ఎందుకమ్మా?" అంది అమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "నాకిష్టమే. చెప్పేయ్. వీడు ఆగేలా లేడు."

గట్టిగా ఒక విజిల్. నర్సు తల పట్టుకుంది.

ఆ వెంటనే చెప్పుల చప్పుడు, నా పక్కనే. వంచిన తల ఎత్తకుండా నాతోపాటు పరిగెత్తుతూ, "సరేనన్నాను. వినబడలేదా?" అని కసిరింది.

నా గుండె అప్పటికి అందుకుంది. దడదడలాడింది.