తరుగు తీసిన బరువు

వీరేష్‌ను చంపి పామిడి దగ్గర పెన్న ఇసుకలో పడేసి పదకొండు రోజులైంది. ఒక బండి మీద నిఘాకు తను పంపిన ఆ కుర్రాడి చివరి మెసేజ్‌ను ఏజెంట్ ప్రసూన చదవని పూట లేదు.

"అక్కా, లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చే బండి ఏడున్నరకు దిగినాది. లోపల లెక్కలో లేని బరువేదో ఉండాది."

ఆ బండి దేశాలు తిరగడానికి మార్పులు చేయించిన ఫోర్‌వీల్ డ్రైవ్. పైన టెంటు, వెనుక వాటర్ ట్యాంకు. నడిపేది టూరిస్టు వేషంలో ఉన్న విదేశీ ముఠా మనిషి. పక్క సీట్లో ట్రావెల్ వ్లాగర్ వేషంలో మన ఏజెంటే, ఇంద్రాణి. కళ్యాణదుర్గం వేరుశనగ వ్యాపారి కూతురు. ఆమె నవ్వితే చెక్‌పోస్టు గేటు దానంతటదే లేచేది.

బండిని తూయించమని ప్రసూన అడిగితే ఇంద్రాణి కాటా చీటీ పంపింది. 3,480 కిలోలు. బండి పేపర్లలోనూ అంతే. నీది ఉత్త అనుమానం, వెనక్కి వచ్చేయమని ప్రసూన వీరేష్‌కు జవాబిచ్చింది. అతను రాలేదు. ఇప్పుడు జీపు అద్దంలో చూసినప్పుడల్లా వెనుక సీట్లో కూర్చుని ఉంటాడు. ఆమెకు భయం కంటే సిగ్గు ఎక్కువ.

ఆ సిగ్గే ఈ మధ్యాహ్నం ఆమెను అదే కాటాకు లాక్కొచ్చింది. తన జీపునే తూకానికి పెట్టింది. దాని బరువు పదిహేడు వందలు. కాటా చౌడప్ప రాసిచ్చిన చీటీలో 1,666.

"ముప్పై నాలుగు కిలోలు యాడికి పోయినాయన్నా?"

"తరుగు తీసినానమ్మా. కాయల్లో మన్ను, తేమ ఉంటాయి గదా. క్వింటాలుకు రెండు కిలోలు."

"ఇది జీపు."

"ముప్పై ఏండ్ల అలవాటు. చెయ్యి ఇనదు."

ప్రసూన అదే లెక్క ఇంద్రాణి పంపిన చీటీకి వేసింది. అంటే ఆ బండి అసలు బరువు 3,551. డెబ్బై ఒక్క కిలోలు ఎవరో లెక్కకట్టి మరీ దాచారు. ఈ తరుగు సంగతి విదేశీయుడికేం తెలుసు? కాయల తూకాలు చూస్తూ పెరిగిన ఇంద్రాణికి తెలుసు.

ఐదింటికి సోలార్ ప్లాంటులో షూటింగ్ అని ఇంద్రాణి పొద్దున్నే రిపోర్టు పంపింది. అది షిఫ్టు మారే వేళ. కంట్రోల్ రూమ్‌లో నలభై మంది ఉంటారు. ప్రసూన ప్లాంటుకు ఫోన్ చేస్తూనే జీపు తీసింది.

4:58. బండి కంట్రోల్ రూమ్ గోడకు ఆనుకుని ఉంది. డ్రైవర్‌ను గార్డులు పట్టుకున్నారు, జనం ఇంకా బయటికి పరుగెత్తుతున్నారు. ఇంద్రాణి గేటు బయట తీరిగ్గా నిలబడి ఉంది, చేతిలో కెమెరా రిమోట్.

"వీరేష్‌ను చంపింది నువ్వేనా?" అడిగింది ప్రసూన, టిఫిన్ క్యారియర్‌తో జీపు దిగుతూ.

"నేనే. నువ్వు వాని మాట నమ్మింటే బతికేటోడు."

ఇంద్రాణి బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. ప్రసూన టిఫిన్ క్యారియర్‌లో దాచిన, రిమోట్ సిగ్నల్‌ను అడ్డుకునే జామర్ మూడు సెకన్ల ముందే ఆన్ అయింది. వాటర్ ట్యాంకు అడుగున డెబ్బై ఒక్క కిలోల పేలుడు పదార్థం దొరికింది.

నలభై మందీ క్షేమంగా ఇళ్లకు పోయారు. ఆ వారమే ప్రసూన రిపోర్టు రాసింది. వీరేష్ మరణానికి కారకులు అన్న గడిలో ఇంద్రాణి పేరు కింద తన పేరూ రాసింది. హెడ్ ఆఫీసు దాన్ని క్లరికల్ మిస్టేక్ అని కొట్టేసి, ఆమెను మెడల్‌కు సిఫారసు చేసింది.