ఎర్ర అక్షరాల హెచ్చరిక

మేస్త్రిని బయటికి తీసేసరికి ఉదయం పదకొండు దాటింది.

ప్రాణం ఎప్పుడో పోయింది. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము. కుడి చేతిలో సుత్తి అలాగే ఉంది.

ఇన్‌స్పెక్టర్ తలెత్తి చూశాడు. పాత రెండంతస్తుల ఇల్లు. ఒక డాక్టరమ్మ దాన్ని కొని, కింది భాగాన్ని క్లినిక్‌గా మార్పిస్తోంది. హాలుకీ లోపలి గదికీ మధ్య ఉన్న గోడ పడగొడుతుండగా పై అంతస్తు సగం కిందికి కూలింది.

గేటు దగ్గర ఇద్దరున్నారు. ఒకామె మేస్త్రి భార్య. చేతిలో భర్తకి తెచ్చిన క్యారేజీ. రెండోవాడు ఈ పని ఒప్పుకున్న కాంట్రాక్టర్. అందరూ గడ్డం అని పిలుస్తారు. ఆమెకి సొంత అన్న. చనిపోయినవాడు అతనికి బావ.

ఆమె అన్న వైపు చూడటం లేదు.

ఇన్‌స్పెక్టర్ అడిగితే ఆమె విన్నది విన్నట్టు చెప్పింది. క్యారేజీ ఇద్దామని గుమ్మం దాకా వచ్చిందట. లోపల భర్త గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడట. ఏ గోడ కొట్టాలన్నా ముందు చెయ్యి పెట్టి చూడటం ఆయన అలవాటు.

"ఈ గోడ గురించి కాగితంలో ఏమైనా రాశారా బావా అని అడిగాడు మా ఆయన. ఏమీ రాయలేదు, కొట్టు అన్నాడు అన్నయ్య. పనిలో ఉన్నారు కదా, కాసేపాగి వద్దామని గేటు దాకా వెళ్ళాను. అంతే సార్."

గడ్డం జేబులోంచి నలిగిన కాగితం తీసి ఇచ్చాడు. ఇంటి డ్రాయింగ్. తీసెయ్యాల్సిన గోడల్ని చుక్కల గీతలతో చూపించారు. కూలిన గోడ కూడా చుక్కల్లోనే ఉంది. దాని పక్కన ఒక్క అక్షరం లేదు.

ఇంతవరకు కేసు సూటిగానే ఉంది.

మధ్యాహ్నం ఇంజనీరు తనంతట తనే స్టేషన్‌కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. ఈ ఇంటి డ్రాయింగులు ఆయన ఆఫీసులోనే తయారయ్యాయి. రంగుల్లో తీసిన ప్రింటు ఒకటి బల్ల మీద పరిచాడు. అదే ఇల్లు, అదే గోడ. కానీ గోడ పక్కన ఎర్రటి అక్షరాలు.

"దూలం ఎక్కించకుండా ఈ గోడ ముట్టుకోవద్దు. పై అంతస్తు బరువంతా దీని మీదే."

ఇంజనీరు చెప్పింది ఇది. డ్రాయింగ్‌ని PDF చేసి ఇంటర్నెట్‌లో ఫోల్డర్లో పెట్టారు. లింకు కాంట్రాక్టర్‌కి పంపారు. ఫైలు ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరైనా తెరుచుకోవచ్చు. ఫైల్లో నమోదైన తేదీ కూడా ప్రమాదానికి ముందుదే. గడ్డం దగ్గరున్నది ఏ మొదటి చిత్తుప్రతో అయ్యుంటుంది. కొత్తది తెరవకుండా పాత కాగితం పట్టుకుని గోడ కొట్టించాడు.

ఇన్‌స్పెక్టర్ లింకు తెరిచాడు. ఎర్ర అక్షరాలు ఉన్నాయి. తేదీ కూడా ఆయన చెప్పినట్టే ఉంది.

ఇంజనీరు వెళ్ళాక హెడ్ కానిస్టేబుల్ ఆ ప్రింటు తిప్పి తిప్పి చూసి ముసిముసిగా నవ్వాడు. కింది మూలన, కిటికీల దగ్గర, చీమ తలలంత ఎర్ర అక్షరాలు ఇంకొన్ని ఉన్నాయి. "కిటికీల రంగు గురించి డాక్టరమ్మని అడగొద్దు. మళ్ళీ మారుస్తుంది."

తన ఇంట్లో కూడా ఇదే బాధ అన్నాడు హెడ్. గోడకి మూడు రంగులు వేయించి, చివరికి మొదటి రంగుకే వచ్చిందట వాళ్ళావిడ. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. కాగితాన్ని ఫైల్లో పెట్టేశాడు.

ఆ డ్రాయింగ్ గీసింది కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి. ఆమె స్టేట్‌మెంట్ తీసుకున్నారు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. అయినా మాట తడబడలేదు.

"హెచ్చరిక ఎవరు రాశారు?"

"నేనే సార్."

"ఎప్పుడు?"

"మొదట్లోనే. ఆ గోడ గీసిన రోజే. ప్రమాదం కదా అని ఎర్రగా రాశాను."

"PDF చేసింది ఎవరు?"

"నేనే. ప్రింటు నొక్కేటప్పుడు కూడా స్క్రీన్ మీద ఉంది సార్. కళ్ళారా చూశాను."

అబద్ధం చెప్పే మనిషిలా లేదు. ఆమె కంప్యూటర్ తెరిపించి చూశారు. డ్రాయింగ్‌లో గోడ పక్కన ఎర్ర అక్షరాలు నిక్షేపంగా ఉన్నాయి.

సాయంత్రానికి గడ్డాన్ని లాకప్‌లో పెట్టారు.

మేస్త్రి భార్య స్టేషన్ వరండాలో బెంచీ మీద కూర్చుని చూసింది. అన్నని లోపలికి తీసుకెళ్తుంటే ముఖం పక్కకి తిప్పుకుంది. హెడ్ టీ తెప్పించాడు. ముట్టలేదు. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి, ఇంటికి వెళ్ళమ్మా, ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు అన్నాడు.

"నాకు ఒక్కటే తెలియాలి సార్. అన్నయ్య ఆ అక్షరాలు చూసి కూడా లేవని చెప్పాడా? అసలు కాగితం చూడకుండానే చెప్పాడా? ఏదైనా నా భర్తని చంపింది వాడే. కానీ ఏదో ఒకటి తెలియాలి. రేపు మా అమ్మకి నేను చెప్పుకోవాలి."



మర్నాడు తెల్లవారాక ఇన్‌స్పెక్టర్‌కి దేవుడి ముందు కూర్చున్నా మనసు నిలవలేదు. నిజం బయటపడేలా చూడు స్వామీ అని రోజూ అడుగుతాడు. ఈసారి నిజం బయటపడే ఉంది కదా. మరి గుండెల్లో ఈ బరువు దేనికి? తప్పు చేసినవాడు దొరికితే మనసు ఇలాగే ఉంటుందా?

స్టేషన్‌కి వచ్చి ముందు లాకప్ దగ్గరికి వెళ్ళాడు. గడ్డం గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రాత్రంతా నిద్రలేదు. మనిషి సగమైపోయాడు.

"నేనే సరిగ్గా చూడలేదేమో సార్," అన్నాడు తనే. "లేవనే అనుకున్నాను. కానీ అందరూ ఉన్నాయంటున్నారు. ఆ అమ్మాయికి నా మీద పగేముంది? నా కళ్ళే నన్ను మోసం చేశాయేమో. మా చెల్లెలికి చెప్పండి, నేనే చంపానని. ఆ మాటే దానికి తేలిక."

ఇన్‌స్పెక్టర్ తన గదిలోకి వచ్చి కూర్చున్నాడు. నేరం ఒప్పుకున్నవాళ్ళని ఎంతోమందిని చూశాడు. తను చూసింది తనే నమ్మలేని మనిషిని చూడటం ఇదే మొదలు.

హెడ్ కంప్యూటర్ ముందు కోర్టుకి పంపాల్సిన రిపోర్టు సిద్ధం చేస్తున్నాడు. రిపోర్టు పక్కన అంచులో ఇన్‌స్పెక్టర్ నిన్న కొన్ని రిమార్కులు టైపు చేశాడు. హెడ్ ప్రింటు నొక్కాడు. కాగితం రాలేదు. దాని బదులు PDF ఫైలు తయారై తెరుచుకుంది. అది ఉత్తుత్తి ప్రింటర్. కంప్యూటర్‌లోనే ఉంటుంది. మామూలు ప్రింటర్‌కి పంపినట్టే పంపితే, కాగితం బదులు ఫైలు చేసి ఇస్తుంది.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. రిపోర్టు ఉంది. అంచులో రిమార్కులు లేవు.

"నా రిమార్కులు ఏవయ్యా?"

"అవి ప్రింటు కాకుండా పెట్టాను సార్. పంచనామా ఎవరు రాశారు, వీడికి చదువెవరు చెప్పారు అని రాశారు మీరు. జడ్జిగారు చదివితే నా పరువేం కావాలి?"

"కానీ స్క్రీన్ మీద కనిపిస్తున్నాయి కదా?"

"కనిపిస్తాయి సార్. అవి మనకి మనం చెప్పుకునే మాటలు. ప్రింటులోకి రావు."



ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి ఇంజనీరు ఇచ్చిన రంగుల ప్రింటు తీశాడు. కింది మూలన చీమ తలల్లాంటి అక్షరాలు మళ్ళీ చదివాడు. కిటికీల రంగు గురించి డాక్టరమ్మని అడగొద్దు.

టోపీ పెట్టుకున్నాడు.

"జీపు తియ్యి. గడ్డాన్ని కూడా ఎక్కించు. ఆ చెల్లెమ్మని కూడా రమ్మను."

ఇంజనీరు ఆఫీసు ఒకటే పెద్ద గది. పొడవాటి బల్ల, గోడ నిండా డ్రాయింగులు. ఇంజనీరు కుర్చీలు వేయించాడు. అన్నాచెల్లెళ్ళు చెరో మూలన నిలబడ్డారు, కూర్చోలేదు.

ఇన్‌స్పెక్టర్ అమ్మాయిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

"అమ్మా, ఆ డ్రాయింగ్ తెరువు. ఆ రోజు PDF ఎలా చేశావో ఇప్పుడు అలాగే చెయ్యి. ఏమీ మార్చొద్దు."

తెరిచింది. గోడ పక్కన ఎర్ర అక్షరాలు అందరికీ కనిపించాయి. ప్రింటు నొక్కింది. ప్రింటర్ల వరసలోంచి ఉత్తుత్తి ప్రింటర్‌ని ఎంచుకుంది. ఫైలు తయారైంది.

"ఆ రోజు ఈ ఫైలు తెరిచి చూశావా?"

"లేదు సార్. స్క్రీన్ మీద ఉన్నదే కదా వచ్చేది."

"ఇప్పుడు తెరువు."

గోడ ఉంది. చుక్కల గీతలు ఉన్నాయి. పక్కన తెల్లటి ఖాళీ.

అమ్మాయి మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఖాళీయే.

"డ్రాయింగ్ అంటే ఒకే కాగితం కాదట," అన్నాడు ఇన్‌స్పెక్టర్. వచ్చేముందు తెలిసినవాణ్ణి అడిగి తెలుసుకున్నాడు. "ఒకదాని మీద ఒకటి పరిచిన అద్దాల్లాంటివట. లేయర్లు అంటారట. గోడలది ఒకటి, తలుపులది ఒకటి. ఈ ఎర్రది ఒకటి. ప్రతి లేయర్ పేరు పక్కనా చిన్న ప్రింటర్ బొమ్మ ఉంది, చూడు. ఎర్రదాని పక్కన బొమ్మకి అడ్డంగా గీత ఉంది. అంటే ఏమిటి?"

"ప్రింటు కాదని," అంది అమ్మాయి. "ఆ గీత నేను గమనించలేదు సార్. ఎర్రది అప్పటికే ఉంది. ప్రమాదానికి ఎరుపే కదా అని అందులో రాశాను."

"అప్పటికే ఉంది. ఎవరు పెట్టారు? ఎందుకు?"

ఇన్‌స్పెక్టర్ ఇంజనీరు వైపు తిరిగాడు.

"మీ ఆఫీసులో ఎరుపంటే ప్రమాదం కాదు. మీలో మీరు చెప్పుకునే మాటలు. క్లయింటుకి కనపడకూడనివి. అందుకే ప్రింటు కాకుండా పెట్టారు. ఆ సంగతి ఈ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. మీరు పని సరిచూశారు, కానీ ఎక్కడ? స్క్రీన్ మీద. ఎర్ర అక్షరాలు కనిపించాయి, సరే అన్నారు. ఆ PDF మీలో ఎవరూ తెరవలేదు. తెరిచి నమ్మింది ఈ కాంట్రాక్టర్ ఒక్కడే."

మరి ఫోల్డర్లో ఉన్న ఫైలు మాటేమిటన్నాడు ఇంజనీరు. అందులో హెచ్చరిక ఉంది కదా, తేదీ కూడా ఉంది కదా అన్నాడు.

"కంప్యూటర్ గడియారం వెనక్కి తిప్పితే తేదీ మీరు చెప్పినట్టే వింటుంది. అది వదిలేద్దాం."

రంగుల ప్రింటు బల్ల మీద పెట్టి, మూల మీద వేలు ఉంచాడు.

"ఇది చదవండి."

ఇంజనీరు కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. ముఖంలో రంగు మారింది.

"డాక్టరమ్మ గురించి ఇలా రాసిన డ్రాయింగ్‌ని డాక్టరమ్మ ఇంట్లో పనిచేసేవాళ్ళకి మీరు పంపుతారా? పంపరు. మీరు హెచ్చరిక బయటికి రావాలని గీత తీసేశారు. అది తీస్తే ఎర్రవన్నీ వస్తాయి. మీకు కావలసినదాన్నే చూసుకున్నారు, మూల చూసుకోలేదు. ఫైలు చేసి, పాత ఫైలు తీసి ఇది పెట్టి, గీత మళ్ళీ ఎప్పట్లాగే ఉంచారు. ఇతని కాగితంలో హెచ్చరిక లేదు, ఈ ఎకసెక్కమూ లేదు. ఆ రోజు పంపింది అదే."



ఇంజనీరు చివరికి నోరు విప్పాడు. ప్రమాదం సంగతి తెలిసిన గంటకే ఆ PDF మొదటిసారి తెరిచాడట. గోడ పక్కన ఖాళీ కనిపించిందట. అమ్మాయి బతుకు కూడా పాడవుతుందని భయపడ్డాడట.

"అమ్మాయి కోసమా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్. గట్టిగా అడగలేదు. "నిజంగానా?"

ఇంజనీరు తల దించుకున్నాడు.

"పొరపాటు అయితే పొరపాటని ఒప్పుకోవచ్చు. మీరు చేసింది అది కాదు. చేతిలో సుత్తితో చనిపోయినవాణ్ణీ, అతని బావనీ మీ పొరపాటుకి బాధ్యుల్ని చేశారు."

హెడ్ ముందుకి వచ్చాడు. అమ్మాయి బల్ల మీద తల వాల్చి ఏడుస్తోంది. ఆమె పేరు కూడా కేసులో రాయక తప్పదు. ఇన్‌స్పెక్టర్‌కి ఆ సంగతి తెలుసు. ఏ పాపమూ తలపెట్టని చేతితో ఒక ప్రాణం పోతే దాన్ని ఏ ఖాతాలో రాయాలి? అది పైవాడికే వదలాలి. కింద మాత్రం రిపోర్టు తనే రాయాలి.

గడ్డం మూలన గోడకి ఆనుకుని అలాగే నిలబడ్డాడు. విడుదలైన మనిషిలా లేడు. ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి తీసిచ్చిన తన నలిగిన కాగితం వైపే చూస్తున్నాడు. ఇప్పటికీ నమ్మకం కుదరనట్టు, ఎక్కడో ఆ అక్షరాలు ఉంటాయేమోనన్నట్టు వెతుకుతున్నాడు.

చెల్లెలు గది దాటి అతని దగ్గరికి వచ్చింది. కాగితం అతని చేతుల్లోంచి తీసుకుంది. తనూ చూసింది, పై నుంచి కింది దాకా, నిదానంగా. మడిచి ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చేసింది.

తర్వాత అన్న అరచెయ్యి పట్టుకుంది.

"ఏమీ రాయలేదు అన్నయ్యా," అంది. "నువ్వు చెప్పింది నిజమే. ఏమీ రాయలేదు."