పగడాల తల్లికి ఇచ్చిన మాట

దక్షిణ సముద్రంలో పవళద్వీపం అనే దీవుల రాజ్యం ఉండేది. అక్కడి నీటి అడుగున ఎర్రని, ఊదారంగు పగడపు తోటలు ఉండేవి. వాటి మధ్య చిలక చేపలు గుంపులుగా మేసేవి. రాజు రత్నసేనుడి దగ్గర ఊపిరివేరు అనే మూలిక బుట్టలకొద్దీ ఉండేది. దాన్ని నాలుక కింద పెట్టుకుంటే నీళ్లలో పూటంతా తిరగవచ్చు. ఆ వింత కోసం దేశదేశాల ధనవంతులు ఓడలెక్కి వచ్చేవారు. చూసి ఊరుకోక, వెళ్లేటప్పుడు తలా ఒక పగడపు కొమ్మ విరుచుకుపోయేవారు.

ఒక వేసవి ఉదయం తోటలు ఉన్నట్టుండి ఎముకల్లా తెల్లబడ్డాయి. చేపలు మాయమయ్యాయి. ఆ ఉదయం నీళ్లలోకి దిగిన రాజకుమారుడూ, అతిథులూ, వారికి దారి చూపే జాలరి సింహాద్రీ అడుగునే రాతిబొమ్మలైపోయారు.

"నా కొడుకును తెచ్చినవారికి అర్ధరాజ్యం ఇస్తాను" అని రాజు చాటింపు వేయించాడు.

సింహాద్రి చెల్లెలు నూకాలుకు రాజ్యం మీద ఆశ లేదు. అమ్మానాన్నలు పోయాక తనను పెంచినవాడు అన్నే. ఊపిరివేరు అడిగి తీసుకుని ఆమె సముద్రంలోకి దూకింది.

మొదట ఒక ముసలి తాబేలు ఎదురైంది. దాని డొప్ప నిలువునా చీలి ఉంది.

"మీ విహారాల ఓడ లంగరు చేసిన గాయం ఇది. నీకెందుకు దారి చెప్పాలి?" అంది తాబేలు.

"నీకు కోపం ఉంటాది తాతా. ఉండాల కూడాను. మా అన్న ఏ పక్కనున్నాడో సెప్పు, సాలు."

తాబేలు ఒక చీకటి లోయ వైపు తల తిప్పింది.

లోయ ముఖద్వారంలో ఎనిమిది చేతుల రాకాసి కూర్చుని ఉంది. "ఆ వేరు వల్లే కదా మీరింత లోతుకు వస్తున్నారు! అది ఇచ్చి ముందుకు నడు" అని గర్జించింది. నూకాలు వేరును దాని చేతిలో పెట్టి, సొంత ఊపిరితో ఈదింది. గుండెలు పగిలిపోతాయనిపించిన క్షణాన ఎవరో ఆమె నుదుటిని తాకారు. ఊపిరి ఆడింది. ఎదురుగా ఆ తోటలను కాచే పగడాల తల్లి, ఆమె చుట్టూ రాతిబొమ్మలైన మనుషులు.

"వీళ్లను వదిలితే మళ్లీ వస్తారమ్మా" అంది తల్లి అలసటగా.

"రానివ్వను తల్లీ. మాటిస్తన్నాను. తప్పితే నాకు సముద్రమే నేకుండా సెయ్యి."

తల్లి చేయెత్తింది. రాళ్లలో ప్రాణం కదిలింది. తోటల్లో ఎరుపు చిగురించింది.

ఒడ్డున పండగ జరిగింది. పండగ ముగియకముందే రాజు విహారానికి మళ్లీ అతిథులను పిలిచాడు. నూకాలు పరుగున వెళ్లి, తానిచ్చిన మాట చెప్పింది. రాజు నవ్వాడు.

"నా రాజ్యం సగం నేల, సగం నీరు. నేలంతా నీకిస్తున్నాను. నీటి సంగతి నీకు అనవసరం."

ఆమె అన్న కాళ్ల మీద పడింది. "నువ్వైనా ఎల్లకు అన్నా!"

"నాకొచ్చిన పని ఇదొక్కటే. మానేస్తే ఏటి తిని బతకాల?" అంటూ సింహాద్రి ఆమె చేతులు విడిపించుకున్నాడు.

ఆ పూటే రాజకుమారుడు అప్పుడప్పుడే ఎర్రబడుతున్న కొమ్మనొకదాన్ని విరిచాడు. ఒడ్డున నిలబడ్డ నూకాలు పాదాల దగ్గర నుంచి అల వెనక్కి లాగేసుకుంది. ఆమె ఒక అడుగు వేస్తే నీరు ఒక అడుగు తగ్గింది. పరుగెత్తింది. నీరూ పరుగెత్తింది. తడి ఇసుకలో కూలబడి ఆమె గొంతు పోయేదాకా ఏడ్చింది.

మర్నాడు సింహాసనమెక్కి తొలి ఆజ్ఞ జారీ చేసింది. "రేవులూ, గట్లూ, ఇసకా నావి. సేపల పడవలు తప్ప ఏ పడవా నా నేల మీంచి దిగకూడదు. ఏ ఓడా ఇక్కడ తాడు కట్టకూడదు."

ఒడ్డు లేని సముద్రం రాజుకు ఎందుకూ పనికిరాలేదు. చివరి ఓడలో అతిథులతో పాటు సింహాద్రి కూడా వెళ్లిపోయాడు. చెల్లెలితో ఒక్క మాటైనా చెప్పలేదు.

నూకాలు చాలాకాలం చల్లగా ఏలింది. నీటి అడుగున తోటలు మునుపటికన్నా గుబురుగా పెరిగాయి. సాయంత్రాలు జాలరులు తిరిగి వచ్చే వేళకు రాణి ఒడ్డుకు దూరంగా, పొడి ఇసుకలో నిలబడేది.

"ఇయాల అడుగున ఏటేటి సూసేరు?" అని అడిగేది.

వాళ్లు చెప్పేవారు. ఆమె కళ్లు మూసుకుని వినేది.

"ఇంకా సెప్పండి" అనేది.