ముందే వచ్చి చెప్పినవాడు

ఫిషింగ్ హార్బర్‌కి పడవలు తెల్లారకముందే వస్తాయి. అందుకే నా క్లినిక్ ఐదున్నరకే తెరుస్తాను. ఐసు ఫ్యాక్టరీ నుంచి ఘాటు వాసన, వేలంపాట కేకలు, చేపల బుట్టల నుంచి కారిన నీళ్లు గుమ్మం దాకా వస్తాయి. గోడ మీద నేను రాసి అంటించిన కాగితం ఉంటుంది: 'వైద్యం హక్కు. సరుకు కాదు.'

వరహాలు దాన్ని చూసి నవ్వేవాడు. ఐసు మోసే మనిషి. కుడిచేతి చిటికెన వేలు ఐసు మిషన్లో పోయింది.

"డాక్టరమ్మా, ఇది సదివితే జొరం తగ్గిపోద్దా ఏటి?" అనేవాడు.

జూన్‌లో అతనికి న్యుమోనియా ముదిరింది. పెద్దాసుపత్రికి పంపాను. పెన్సిలిన్ పడదని ఉత్తరంలో ఎర్ర సిరాతో రాసి, అతని భార్య ఈశ్వరి చేతికిచ్చాను. అక్కడ సెక్యూరిటీ మనిషి రోగితో ఒక్కరినే రానిస్తామన్నాడు. వరహాలు తమ్ముడు లోపలికెళ్లాడు. ఉత్తరం ఈశ్వరితో పాటు గేటు బయటే ఉండిపోయింది. లోపల అదే ఇంజెక్షన్ ఇచ్చారు. అరగంటలో వరహాలు పోయాడు.

ఇది చావు కాదు, లాభాల కోసం నడిచే వ్యవస్థ చేసిన హత్య అని ఆ గేటు ముందు గొంతు పోయేలా అరిచాను. అది నిజమే. నేను ఎమర్జెన్సీకి ఒక్క ఫోన్ చెయ్యకపోవడమూ నిజమే. బయట పన్నెండు మంది కూర్చున్నారని, తర్వాత చేద్దామనుకున్నాను. ఆ మాట ఈశ్వరికి ఇంతవరకూ చెప్పలేదు.

అప్పట్నుంచి ఎవరిని పంపినా ముందు ఫోన్ చేస్తున్నాను. ఆగస్టులో పీర్ మహమ్మద్ గారు గుండెనొప్పితో వచ్చారు. ఆయన్ని అంబులెన్స్ ఎక్కిస్తూనే ఫోన్ చేశాను. ఎమర్జెన్సీ నర్సు అనమ్ ఎత్తింది.

"మీ మనిషి ఇప్పుడే వచ్చి అంతా చెప్పారు కదా మేడం. ఏ మాత్రలిచ్చారో, ఎన్నింటికిచ్చారో..."

"నేనెవర్నీ పంపలేదే."

అంబులెన్స్ ఇంకా నా గుమ్మంలోనే ఉంది.

రెండోసారీ అంతే. మూడోసారి, ఆ మనిషి ఎలా ఉంటాడని అడిగాను.

"తడి లుంగీ మేడం. నిలబడిన చోటల్లా నీళ్లు. 'రాసుకో సిస్టరూ, రాసుకో' అంటాడు. రాసేదాకా కదలడు. గేటు వాళ్లనడిగితే అలాంటివాణ్ని చూడనే లేదంటున్నారు." గొంతు తగ్గించింది. "కుడిచేతికి చిటికెన వేలు లేదు."

భయం కన్నా ముందు నాకు ఏడుపొచ్చింది. నేను చెయ్యని పని, పోయాక కూడా నువ్వే చేస్తున్నావా వరహాలూ...

సెప్టెంబరులో ఒక వాన పొద్దు. కరెంటు పోయింది. సముద్రం మీద మబ్బు చీకటి. క్లినిక్‌లో నేనూ, ఒళ్లు కాలిపోతున్న ఈశ్వరీ, అంతే.

"మాత్రలొద్దమ్మా, సూది ఏసీండి. ఏలానికి ఎల్లాల. సేపలు నా జొరం తగ్గీదాకా ఆగవు కదా."

జ్వరం మందు సిరంజిలోకి తీశాను. మూత పెట్టి ట్రేలో ఉంచాను. స్పిరిట్ సీసా కోసం అటు తిరిగాను.

ఫోన్ మోగింది.

"మేడం..." అనమ్ గుసగుస. "అతను వచ్చాడు. ఇవాళ ఏడుస్తున్నాడు."

"నేనెవర్నీ పంపడం లేదు, అనమ్."

"ఈశ్వరి అంటున్నాడు. నలభై ఏళ్లు. జ్వరం. మీ ఇంజెక్షన్ పడలేదంట... ఆరూ ఇరవైకి ఇచ్చారంట. బెడ్డు సిద్ధం చెయ్యమంటున్నాడు."

గడియారం చూశాను.

ఆరూ పద్దెనిమిది.

ఇంకా రెండు నిమిషాలుంది. ఊపిరి పీల్చుకున్నాను. ఈసారి కబురు అందింది. ఈసారి ఏ ఉత్తరమూ గేటు బయట ఉండిపోలేదు.

"ఇవ్వను," అన్నాను. "ఇవ్వడం లేదని అతనికి చెప్పు."

అవతల అనమ్ ఆ మాటే చెప్పడం వినిపించింది. ఆ వెనకే నీటిచుక్కల చప్పుడు...

"చెప్పాను మేడం... తల అడ్డంగా ఊపుతున్నాడు."

మెల్లగా వెనక్కి తిరిగాను. గడియారంలో ఆరూ ఇరవై. సిరంజి ట్రేలోనే ఉంది. నిండుగా. పెట్టిన మూత పెట్టినట్టే.

ఈశ్వరి జబ్బ మీద దూది అదిమి పట్టుకుని కూర్చుంది. దూది మధ్యలో ఎర్రటి చుక్క.

"నొప్పేటీ తెలీనేదమ్మా," అంది, నీరసంగా నవ్వుతూ. "మీరేసిన సూది ఎప్పుడూ తెలీదు."