ఉప్పు, మిరపకాయలు, తారాబాయి

యజ్ఞనారాయణకు పేరులోనే గాని ఒంట్లో ఎక్కడా యజ్ఞం లేదు. కాకినాడలో భౌతికశాస్త్రం బోధించి రిటైరై, మేడ్చల్‌లోని ఒక కొత్త కాలనీలో, చెల్లెలు పార్వతీదేవి ఇంటి పై వాటాలో స్థిరపడిన ఆ బ్రహ్మచారి, తన గొడుగు తడిస్తే తప్ప వాన కురిసిందని ఒప్పుకోడని ఇరుగుపొరుగు చెప్పుకునేవారు. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగినవారికి, అందుకు తగిన ఆధారాలు లభించలేదని సమాధానం చెప్పేవాడు.

అటువంటి మనిషికి అరవై అయిదో ఏట ఆరోగ్య బీమా కావలసి వచ్చింది. మోకాళ్ల నొప్పులతో నాలుగడుగులు వేయలేని చెల్లెలి మీద రేపు తన ఆసుపత్రి భారం పడరాదని ఆయన పట్టుదల. ఆయనకు నచ్చిన పాలసీలో అరవై అయిదు నిండినవారిని కొత్తగా చేర్చుకోరు. వానాకాలం దాటితే నిండుతాయి.

కాలనీలో ఎవరో నంబరు ఇస్తే, షామీర్‌పేట నుంచి ఎర్ర స్కూటీ మీద తారాబాయి వచ్చింది. అంగన్‌వాడీ టీచరుగా రిటైరై, భర్త పోయాక ఇంట్లో గోడలతో మాట్లాడలేక ఏజెంటు పనిలో చేరిన మనిషి. సగం తడిసిన కొంగు పిండుకుంటూ కింది వాటా హాల్లోకి వచ్చేసరికి, పాలసీ మినహాయింపులన్నిటి కిందా ఎర్రగీతలు గీసుకుని యజ్ఞనారాయణ సిద్ధంగా ఉన్నాడు. మొదటి ప్రశ్న సగంలో ఉండగానే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"మీరడిగేటివి తర్వాత సార్. ముందుగాల నేనడుగుత. సిగరెట్ తాగుతరా?"

"తాగను."

"మందు?"

"తారాబాయి గారూ, మీరు నన్ను అవమానిస్తున్నారు."

"అందరు గట్లనే అంటరు. ఇయ్యాల దాస్తె, రేపు దవాఖానల పడ్డంక కంపెనీ పైస ఇయ్యదు. నా దగ్గర ఏది దాయొద్దు సార్. గంతే."

తన సత్యసంధతను ఎవరైనా శంకించడం ఆయనకు అదే మొదలు. కోపం వచ్చిందనే అనుకున్నాడు. ఆమె సంచిలోంచి బీపీ మిషన్ తీసి ఆయన చేతికి పట్టీ చుట్టింది. పై అంకె నూట డెబ్బై చూపింది. ఇట్లయితే కంపెనీ వాళ్ల పరీక్షలో గట్టెక్కడం కష్టమని పెదవి విరిచి, రోజూ చూసుకొమ్మని మిషన్‌ను అక్కడే వదిలి, వారం వారం వచ్చి కనుక్కుంటానని చెప్పి వెళ్లింది.

స్కూటీ మలుపు తిరిగిందో లేదో, పార్వతీదేవి గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి అన్నగారి చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆయన అభ్యంతరం ఒక వాక్యంగా రూపొందేలోగా కార్యక్రమం ముగిసింది. మళ్లీ చూస్తే నూట ఇరవై ఆరు.

"చూశావా అన్నయ్యా. కాలనీలో కళ్లన్నీ నీమీదే ఉన్నాయి."

"ఇది యాదృచ్ఛికం" అన్నాడాయన.

ఆ యాదృచ్ఛికం వారం వారం క్రమం తప్పకుండా జరగసాగింది. తారాబాయి వస్తే పెరుగుతుంది. ఆమె వెళ్లాక పార్వతీదేవి దిష్టి తీస్తుంది, తగ్గుతుంది. ఈ సంగతి ప్రహరీ దాటింది. కౌకూర్ నుంచి ఒకావిడ భర్తను ఆటోలో ఎక్కించుకొచ్చి మరీ దిష్టి తీయించుకు వెళ్లింది. జీవితకాలమంతా మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిచ్చిన మనిషి ఇంటి వరండా, ఆయన కళ్లముందే మిరపకాయల చికిత్సాలయంగా మారింది.

ఈలోగా పాలసీ చర్చలు సాగుతూనే ఉన్నాయి. ప్రతి మినహాయింపుకూ తారాబాయి దగ్గర ఒక మనిషి కథ ఉండేది. పళ్ల చికిత్సకు డబ్బు రాదని చెప్పడానికి, కట్టుడుపళ్లు చెరువులో పడేసుకుని చేపల్ని తిట్టిన తన మేనమామ గురించి చెప్పింది. యజ్ఞనారాయణ నవ్వాడు. ఆ శబ్దానికి వంటింట్లో ఉన్న పార్వతీదేవి ఏదో విరిగిందనుకుని మోకాళ్ల నొప్పులు మరిచి పరుగున వచ్చింది. మరో వారం తారాబాయి సీతాఫలాలు తెచ్చింది. మినహాయింపులన్నీ అయిపోయాక, ఆయన ప్రసూతి సదుపాయాల గురించి అడగడం మొదలుపెట్టాడు.

"గది మీకెందుకు సార్?"

"సమగ్రత కోసం."

ఆమె ఆయన్ని ఒక చూపు చూసి, సీతాఫలం గింజ అరచేతిలోకి ఊసి, ప్రసూతి నిబంధనలన్నీ ఓపికగా వివరించింది.

దిష్టి సిద్ధాంతాన్ని ఖండించనిదే యజ్ఞనారాయణకు అన్నం సహించేలా లేదు. అందుకని కారణాలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ వచ్చాడు. టీ మానేసి చూశాడు. మెట్లెక్కి దిగి చూశాడు. మినహాయింపులను తనకు తానే బిగ్గరగా చదువుకున్నాడు, నిద్ర పట్టింది. మిషన్ మీద అనుమానంతో వాచ్‌మన్ చేతికీ పాలవాడి చేతికీ కట్టి చూశాడు, మిషన్ నిర్దోషి. చివరికి, ఏజెంట్లందరి వల్లా ఇంతేనేమోనని, సూరారం నుంచి మహేందర్ అనే వేరే ఏజెంటును పిలిపించాడు. అతడు గుండెపోట్ల గురించి, కిడ్నీల గురించి పూటంతా భయపెట్టి వెళ్లాడు. రక్తపోటు ఒక మెట్టు తగ్గింది.

మిగిలింది ఒకే ఒక్క కారణం. దానికి ఎర్ర స్కూటీ ఉంది.

ఫలితం సరిచూసుకుని యజ్ఞనారాయణ కుర్చీలో కూలబడ్డాడు. ఉప్పూ మిరపకాయలూ పనిచేస్తాయని ఒప్పుకోవాలి, లేదా తారాబాయి పనిచేస్తోందని ఒప్పుకోవాలి. మొదటిది ఒప్పుకుంటే ఇన్నాళ్ల బుద్ధి పోతుంది. రెండోది ఒప్పుకుంటే ఈ వయసులో పరువు పోతుంది. అది విని ఆమె రావడం మానేస్తే, ఈ వారం వారం కబుర్లు కూడా పోతాయి. మూడో దారి ఉన్నదేమోనని ఆలోచిస్తూ పరీక్ష రోజు దాకా గడిపాడు. దొరకలేదు.

ఆ రోజు కంపెనీ తరఫున రమేష్ అనే టెక్నీషియన్ వచ్చాడు. వెనకే తారాబాయి. బయట సన్నగా జల్లు. రమేష్ తన మిషన్ కట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. గింత బీపీ ఉంటే పాలసీ రాదన్నాడు.

"ఆగు నాయనా" అంటూ పార్వతీదేవి నిప్పుల పళ్లెంతో ప్రత్యక్షమైంది. మిరపకాయల ఘాటుకు తారాబాయికి దగ్గు తెర వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గేటు దాకా పోయింది. రమేష్ కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. నూట ఇరవై నాలుగు.

"అమ్మా, మా అత్తకు గూడ తీస్తరా?" అని అడిగి, ఆ అంకె రాసుకోవడానికి పెన్ను తీశాడు.

మౌనంగా ఉంటే చాలు, పాలసీ చేతికొస్తుంది. చెల్లెలి మీద భారం పడదు. పరువు నిలుస్తుంది. కానీ ఒక అసత్యం పార్వతీదేవి వరండాలో శాశ్వతంగా నిలిచిపోతుంది. పైగా, ఏదీ దాయొద్దని చెప్పిన మనిషి గేటు దగ్గర తడుస్తోంది.

"రాయకు" అన్నాడు యజ్ఞనారాయణ. "ఆవిడను లోపలికి పిలువు."

తారాబాయి వచ్చింది. పెరిగింది. ఆయన కోరగా బయటికి పోయింది. తగ్గింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పెరిగింది. ఒక ప్రయోగం మీద ఆధారపడకూడదని ఆయన మరోసారి వెళ్లి రమ్మన్నాడు.

"ఏంది సార్, గడప అరిగెదాక తిప్పుతున్నరు? పరేషానైతాంది."

"ఏదీ దాచొద్దన్నారు కనుక చెబుతున్నాను, తారాబాయి గారూ. ఇందులో ఉప్పుకు గాని, మిరపకాయలకు గాని ఎటువంటి ప్రమేయమూ లేదు. మీరు గడప లోపల ఉంటే పెరుగుతోంది. దాటితే తగ్గుతోంది. మహేందర్ గారితో కూడా ప్రయత్నించి చూశాను. ఆయన వల్ల ఏమీ కావడం లేదు."

పార్వతీదేవి చేతిలోని పళ్లెం ఒక పక్కకు వాలింది. తారాబాయి జుట్టు చివర నిలిచిన వాన చుక్క భుజం మీద పడింది. రమేష్ పెన్ను పట్టుకుని తారాబాయి వైపు తిరిగాడు.

"మేడం, మరి నేను ఏది రాయాలె?"

"రెండూ రాయి" అంది ఆమె, యజ్ఞనారాయణ మీంచి చూపు తిప్పకుండానే. "జర ఎక్కువ కట్టుమంటరు. పాలసీ అయితె వస్తది."

"పాలసీ మధ్యలో ఇంకొకరి పేరు చేర్చవచ్చునా?" అని అడిగాడాయన.

"కొత్తగ పెండ్లయితె చేర్చొచ్చు. లేకుంటె, పిల్లలు పుడితె."

"రెండోది అసంభవమనుకుంటాను."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. పక్క కుర్చీలో కూర్చుని, చేతి గాజులు పైకి జరిపి రమేష్ ముందు చెయ్యి చాపింది.

"నాది గూడ సూడు తమ్మీ."

నూట అరవై ఎనిమిది.

"ఇంటికాడ నూట ఇరవై ఎన్నడు దాటలే" అంది, నేల చూస్తూ. "ఏజెంటైతె మాత్రం దాయొచ్చా సార్?"

పార్వతీదేవి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వంటింట్లోకి పోయి, ఈసారి రెండు గుప్పెళ్లతో తిరిగి వచ్చింది.

"వదినా, ఇటు కాస్త దగ్గరగా జరిగి కూర్చో" అంది.

ఆ పిలుపుకు తారాబాయి తలెత్తింది. కళ్లు చెమర్చాయి. ఘాటు ఇంకా మొదలుకాలేదు. ఆమె జరిగింది. జీవితంలో మొదటిసారి యజ్ఞనారాయణ తనంతట తాను దిష్టికి కదలకుండా కూర్చున్నాడు. ఉప్పు చిటపటలాడింది. రమేష్ దగ్గుతూనే ఇద్దరికీ పట్టీలు కట్టి చూశాడు. ఇద్దరికీ ఇంకాస్త పెరిగిందే గాని తగ్గలేదు.

"మిరపకాయలు పాతవి" అంది పార్వతీదేవి.

యజ్ఞనారాయణ వాదించలేదు. తగిన ఆధారాలు లభించాయి.